ఎపాక్సీ ఫ్లోర్ ఎన్నాళ్లు నిలుస్తుందో కింది కాంక్రీటు చెబుతుంది

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో తరచుగా కనిపించే దృశ్యం ఇది. గృహప్రవేశాల నాటికి ఎపాక్సీ వేసిన నేల అద్దంలా మెరుస్తుంటుంది. బూడిద రంగు మీద పసుపు గీతలు, ఫ్లాట్ నంబర్లు చూడముచ్చటగా ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి కార్ల టైర్లు ఆగే చోట పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. గోడ వారగా బొబ్బలు కడతాయి. అసోసియేషన్ మీటింగ్‌లో బిల్డర్ మందు మంచిది వేయలేదని ఒకరు, ఎపాక్సీ అంటేనే ఇంతని మరొకరు అంటారు. అదే నగరంలో జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఉన్న మందుల ఫ్యాక్టరీకి వెళ్తే, అదే రకం ఎపాక్సీతో వేసిన నేల మీద రోజంతా ట్రాలీలు తిరుగుతుంటాయి. షిఫ్టు మారినప్పుడల్లా కడుగుతుంటారు. ఏడెనిమిదేళ్లయినా అది చెక్కుచెదరదు.

రెండుచోట్లా డబ్బాలో ఉన్న పదార్థం దాదాపు ఒకటే. తేడా వచ్చేది దాని కింద ఉన్న కాంక్రీటు దగ్గర, ఆ కాంక్రీటును సిద్ధం చేయడానికి పెట్టిన శ్రమ దగ్గర, వేసిన పొర మందం దగ్గర. ఎపాక్సీ గురించి అడిగేవాళ్లంతా ముందు అడుగుకు ఎంత అని, తర్వాత ఎన్నేళ్లు వస్తుందని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రంగుల కార్డులో దొరకదు. పని మొదలుపెట్టక ముందు నేలను చూసినవాళ్లే చెప్పగలరు.

ఇంతకీ ఇది ఏం పదార్థం?

విరిగిన వస్తువులు అతికించుకోవడానికి ఇళ్లలో వాడే ఆరాల్డైట్ చాలామందికి తెలుసు. రెండు ట్యూబులు ఉంటాయి. రెండింటినీ సమంగా తీసి కలిపితే కాసేపటికి రాయిలా గట్టిపడుతుంది. నేల మీద వేసే ఎపాక్సీ కూడా ఆ కుటుంబానిదే. 1930లలో స్విట్జర్లాండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త పియర్ కాస్టాన్ కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ ఈ దారిలోకి వచ్చాడు. అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ విడిగా ఇదే దిశలో పనిచేశాడు. స్విట్జర్లాండ్ రసాయనాల కంపెనీ సీబా కాస్టాన్ పేటెంట్ హక్కులు తీసుకుంది. 1946లో బాసెల్ నగరంలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో ఆరాల్డైట్ జనం ముందుకు వచ్చింది.

ఒక డబ్బాలో రెసిన్ అనే చిక్కటి జిగురు ద్రవం ఉంటుంది, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. మామూలు పెయింట్ ఆరడం వేరు, ఇది గట్టిపడడం వేరు. పెయింట్‌లో నీరో థిన్నరో ఆవిరైపోయి రంగు మిగులుతుంది. ఎపాక్సీలో రెసిన్ అణువులు, హార్డెనర్ అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆ ముడులు పడేటప్పుడు వేడి పుడుతుంది. ఒకసారి అల్లుకున్నాక దాన్ని మళ్లీ కరిగించలేం. నూనె, గ్రీజు, పెట్రోలు, చాలా రకాల రసాయనాలు దానిలోకి దిగకపోవడానికి ఆ గట్టి అల్లికే కారణం. అతుకులు లేకుండా నేలంతా ఒకే పలకలా ఉండడం మరో సుగుణం. టైల్స్ మధ్య సందుల్లో చేరే మురికికి ఇక్కడ చోటు ఉండదు.

అయితే ఆ పలక ఎంత పలచనిదో గుర్తుంచుకోవాలి. తాండూరు బండ, కడప బండ అంగుళం దాకా మందం ఉంటాయి. విట్రిఫైడ్ టైల్ 8 నుంచి 10 మి.మీ. ఉంటుంది. ఎపాక్సీ కోటింగ్ అంటే 0.3 నుంచి 0.5 మి.మీ., అంటే మూడు నుంచి ఐదు కాగితాల దొంతర అంత. సెల్ఫ్ లెవెలింగ్ అని పిలిచే, పోస్తే తనంతట తానే పరుచుకునే రకం 2 నుంచి 3 మి.మీ. ఉంటుంది. బరువు మోసేది ఈ పొర కాదు. కింద ఉన్న కాంక్రీటు మోస్తుంది. చర్మం ఎంత మంచిదైనా ఎముక విరిగితే ఆపలేదు కదా, ఇదీ అంతే. కాంక్రీటు పగిలితే పైనున్న ఎపాక్సీ కూడా అదే గీత వెంట పగులుతుంది.

కింద తడి ఉంటే

ఎపాక్సీ నేలలు పాడవడానికి కారణాలు వెతికితే తడి మొదటి వరసలో ఉంటుంది. కాంక్రీటు చూడడానికి గట్టి రాయిలా ఉన్నా లోపల సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది. నేల మీద నేరుగా పోసిన శ్లాబులోకి మట్టిలోని తేమ ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుంది. పైన ఏమీ లేనప్పుడు ఆ ఆవిరి గాల్లో కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఎపాక్సీ వేసి దారి మూసేస్తే అది పొర కింద చేరి ఒత్తుతుంది. కాంక్రీటులోని లవణాలు కరిగి, ఆ ఉప్పునీరు మరింత నీటిని లాక్కుంటుంది. కొన్ని నెలలకు బొబ్బలు కనబడతాయి. బొబ్బను సూదితో పొడిస్తే చిక్కటి నీరు బయటకు వస్తే సమస్య కింది నుంచి వచ్చిందని అర్థం. పైన ఎన్ని కోట్లు వేసినా అది ఆగదు.

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో కొద్ది అడుగుల లోతులోనే నీరు ఉంటుంది. నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటాయి. హైదరాబాద్‌లో రెండు మూడు అంతస్తుల లోతుకు తవ్విన సెల్లార్ల గోడల్లోంచి వానాకాలంలో నీరు ఊరడం అక్కడుండే వాళ్లందరికీ తెలిసిందే. ఇలాంటి చోట శ్లాబు పోసేటప్పుడే కింద మందపాటి పాలిథిన్ షీటు పరచాలి. కట్టేటప్పుడు అది చేయకపోతే తర్వాత దాన్ని పెట్టే దారి లేదు. తడిని తట్టుకునే ప్రత్యేక ప్రైమర్లు (అసలు పొరకు ముందు వేసే పట్టు పూతలు) ఉన్నాయి, అవి కొంతవరకు ఆదుకుంటాయి, కానీ ధర బాగా పెరుగుతుంది. నీరే ఊరుతుంటే అవి కూడా చాలవు. అలాంటి సెల్లార్‌కు ఎపాక్సీ ఆలోచనే మానుకోవడం మంచిది. కాంక్రీటును గ్రైండ్ చేసి, పైభాగాన్ని గట్టిపరిచే సిలికేట్ ద్రావణం పట్టించి, పాలిష్ చేసి వదిలేస్తే ఆవిరికి దారి ఉంటుంది, దుమ్ము లేవదు, ఊడిపోయే పొరే ఉండదు.

తడి ఉందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరమే ఉండాలని లేదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులకూ గాలి దూరకుండా టేపు వేయాలి. కనీసం 16 గంటలు అలా వదిలి తర్వాత తీసి చూడాలి. షీటు లోపలి వైపు నీటి చుక్కలు పట్టినా, కింద కాంక్రీటు నల్లబడినా ఇంకా తడి ఉన్నట్టే. పెద్ద నేలైతే నాలుగైదు చోట్ల, అందులోనూ గోడల దగ్గర తప్పకుండా చేయాలి. మీటరుతో కొలిచేవాళ్లు సాధారణంగా 4 శాతం లోపు తేమ ఉండాలంటారు. కొత్త కాంక్రీటుకు కనీసం 28 రోజుల వయసు ఉండాలన్నది అందరూ ఒప్పుకునే మాట. కానీ 28 రోజులకు బలం వస్తుంది, ఆరడం మాత్రం వాతావరణాన్ని బట్టి ఉంటుంది. జులైలో పోసిన శ్లాబు ఆగస్టుకు ఆరుతుందనుకోవడం పొరపాటు.

తడి తర్వాత చూడాల్సింది కాంక్రీటు పైభాగం. పోసి చదును చేసేటప్పుడు నీరూ సన్నటి సిమెంటూ పైకి తేలి పాలలాంటి పొర ఏర్పడుతుంది. ఎండాక అది నునుపుగా, అందంగా కనిపిస్తుంది కానీ గోరుతో గీస్తే పొడి రాలుతుంది. దాని మీద ఎపాక్సీ వేస్తే ఎపాక్సీ గట్టిగానే పట్టుకుంటుంది, ఆ పొరే కాంక్రీటును వదిలేస్తుంది. ఊడిన పెచ్చును తిప్పి చూస్తే వెనక సిమెంటు పొడి అంటుకుని ఉంటుంది. పాడైన నేల కారణం చెప్పే సాక్ష్యం ఆ వెనక వైపే. ఆ పొరను వజ్రపు పలకలున్న గ్రైండింగ్ మెషీన్‌తోనో, సన్నటి ఉక్కు గుళ్లను వేగంగా కొట్టే షాట్ బ్లాస్టింగ్‌తోనో తీసేయాలి. తీశాక నేల తాకితే గరుకు కాగితంలా ఉండాలి. యాసిడ్ పోసి కడిగేస్తే చాలంటారు కొందరు. ఆ తడి, ఆ లవణాలు కాంక్రీటులోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది కనుక గ్రైండింగ్‌కు అది బదులు కాదు.

పాత గ్యారేజీలు, వర్క్‌షాపుల నేలల్లో ఏళ్ల తరబడి నూనె ఇంకి ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి కొన్ని నీటి చుక్కలు చాలు. నీరు ఒకట్రెండు నిమిషాల్లో ఇంకిపోతే ప్రైమర్ కూడా ఇంకుతుంది. తామరాకు మీద చుక్కలా నిలిచిపోతే అక్కడ నూనో, మరేదైనా పాత పూతో ఉందన్నమాట. టైల్స్ మీద ఎపాక్సీ వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. టైల్ పైమెరుపు మొత్తం గ్రైండ్ చేసి, సందులు నింపి వేయొచ్చు. అయితే ముందు కర్రతో ఒక్కో టైల్‌ను తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన టైల్ మీద ఏది వేసినా దానితోపాటే లేచిపోతుంది.

వేసే రోజు

ప్రైమర్ పడ్డాక గుంటలు నింపే పొర, దానిపై అసలు పొర వస్తాయి. రెసిన్‌కు ఇంత, హార్డెనర్‌కు ఇంత అని కంపెనీ ఒక కొలత ఇస్తుంది. సిమెంటులో నీళ్లు కలిపినట్టు కంటిచూపుతో కలిపే పని కాదిది. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే జతపడని అణువులు మిగిలిపోయి నేల ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. డబ్బా అడుగునా అంచులకూ అంటుకున్న రెసిన్‌ను గీకి కలపకపోయినా అంతే. వేసిన మర్నాడు అక్కడక్కడా వేలికి అంటుకునే మచ్చలు కనిపిస్తే కారణం దాదాపు ఇదే. వాటికి మందు లేదు, గీకి తీసేసి మళ్లీ వేయాల్సిందే.

కలిపాక చేతిలో ఉన్న సమయం తక్కువ. 25 డిగ్రీల దగ్గర అరగంట వరకు పనికొచ్చే మిశ్రమం 35 డిగ్రీలు దాటితే పావుగంటకే చిక్కబడుతుంది. బకెట్లో అలాగే ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. అందుకే కలిపిన వెంటనే నేల మీద పోసి, పళ్లున్న తాపీతో పరిచి, ముళ్ల రోలర్ తిప్పి గాలి బుడగలు వదిలిస్తారు. పనివాళ్లు ముళ్ల బూట్లు వేసుకుని తడి పొర మీదే నడుస్తారు. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవడమంటే చేతులారా పాడుచేసుకోవడమే. ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం వరకు కాంక్రీటు వేడెక్కుతూ ఉంటే దాని రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పైకి వస్తుంది, ఆరుతున్న పొరలో సూదిపోటు రంధ్రాలు మిగులుతాయి. ఎండ తగ్గి నేల చల్లబడే సాయంత్రం వేళ మొదలుపెడితే ఈ బెడద తగ్గుతుంది.

చలికాలం మరీ మంచిదనుకోవడానికీ లేదు. తెల్లవారుజామున నేల మీద కంటికి కనబడని మంచు పడుతుంది. నేల ఉష్ణోగ్రత ఆ మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర నగరాల్లో గాలిలోనే తేమ ఎక్కువ. ఆరుతున్న పొర మీద తేమ పడితే హార్డెనర్ గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లటి జిడ్డు పొరగా తేలుతుంది. దాన్ని గోరువెచ్చటి నీటితో కడగకుండా, సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయకుండా తర్వాతి కోటు వేస్తే రెండు కోట్లూ విడిపోతాయి.

ఒక మాట పనివాళ్ల గురించి కూడా చెప్పాలి. హార్డెనర్లు చర్మానికి మంచివి కావు. పదే పదే తగిలితే కొందరికి అలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు, దురద వస్తాయి. కొందరు ఈ పనే మానుకోవాల్సి వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్, గాలి ఆడే ఏర్పాటు, గ్రైండింగ్ అప్పుడు దుమ్ము పీల్చే వ్యాక్యూమ్, మాస్కు ఇవన్నీ కొటేషన్‌లో ఉండాల్సిన ఖర్చులే. చేతికి అంటిన ఎపాక్సీని థిన్నర్‌తో కడుక్కునే అలవాటు చాలా చోట్ల ఉంది. థిన్నర్ దాన్ని చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది. గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడుక్కోవాలి. పని చేయించుకునేవాళ్లు అడిగితేనే కాంట్రాక్టర్లు ఈ విషయం పట్టించుకుంటారు. కాబట్టి అడగాలి.

ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఓడిపోతుంది

బాగా వేసిన 2, 3 మి.మీ. నేల ఓ మోస్తరు రాకపోకలకు ఏడు నుంచి పదేళ్లు నిలుస్తుందని ఆశించడం సబబే. పలచటి కోటింగ్ అయితే బండ్లు తిరిగే చోట రెండు మూడేళ్లు, మనుషులు మాత్రమే నడిచే స్టోర్ రూములో అంతకన్నా ఎక్కువ. ఈ లెక్కలు నేలను ఏం చేస్తామన్న దాన్ని బట్టి మారిపోతాయి.

నేలకు రోజూ హాని చేసేది ఇసుక. మన రోడ్ల మీది దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువులు ఎపాక్సీ కన్నా చాలా గట్టివి. టైరు కిందో చెప్పు కిందో నలిగే ప్రతి రేణువూ ఒక సన్నని గీత గీస్తుంది. ఒక్క గీత కనబడదు. వేల గీతలు పడ్డాక మెరుపు పోయి నేల మసకబారుతుంది. అరిగిపోయిందనుకుంటారు కానీ మందం దాదాపు అలాగే ఉంటుంది, పైభాగం మాత్రమే గరుకెక్కింది.

వేడి రెండో శత్రువు. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. ఎండాకాలం హైవే మీద గంటసేపు వచ్చిన కారు టైరు అంత వేడిగానే ఉంటుంది. అది వచ్చి ఆగితే కింద పొర కొంచెం మెత్తబడి టైరుకు అంటుకుంటుంది. టైరు చల్లబడి ముడుచుకునేటప్పుడు పొరను లాగుతుంది. కాంక్రీటుకు పట్టు బాగుంటే ఏమీ కాదు, లేకపోతే సరిగ్గా టైరు ముద్ర మేరకు ఊడి వస్తుంది. సెల్లార్లో టైర్లు ఆగే చోటే ముందు పాడవడానికి కారణం ఇది.

హోటల్ వంటగదులకు, మరిగే నీళ్లతో కడిగే చోట్లకు ఎపాక్సీ పనికిరాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో నేల రోజంతా తడిగా ఉంటుంది. ఒకవైపు ఐసు, మరోవైపు క్లోరిన్ నీళ్లు, శుభ్రం చేసేటప్పుడు వేడినీళ్లు. చల్లదనం నుంచి వేడికి ఒక్కసారిగా మారినప్పుడు ఎపాక్సీ కాంక్రీటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది, ముడుచుకుంటుంది. రెండింటి మధ్య పట్టు తెగుతుంది. అక్కడ పాలీయూరిథేన్ సిమెంట్ అనే మందపాటి రకం వేస్తారు. సాగే గుణంలో అది కాంక్రీటుకు దగ్గరగా ఉంటుంది, తడిని కూడా బాగా ఓర్చుకుంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ అలాంటి చోట చవకైన దారి వెతికితే రెండేళ్లకే మళ్లీ మొదలుపెట్టాలి.

మందుల పరిశ్రమలో మాత్రం ఎపాక్సీ తన సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది. మందుల తయారీ ప్రమాణాలు చెప్పే, 2023 డిసెంబరులో కేంద్రం సవరించిన షెడ్యూల్ ఎం నిబంధనల ప్రకారం తయారీ గదుల నేలలు నునుపుగా, పగుళ్లు, తెరిచిన అతుకులు లేకుండా, తేలిగ్గా శుభ్రం చేసేలా ఉండాలి. జీనోమ్ వ్యాలీ నుంచి పరవాడ వరకు ఫ్యాక్టరీల్లో నేల, గోడ కలిసే మూలను కూడా ఎపాక్సీతో గుండ్రంగా తిప్పి పైకి లేపుతారు, మూలల్లో పొడి చేరకుండా. అక్కడ ఎండ పడదు, ఏసీ వల్ల ఉష్ణోగ్రత మారదు, బయటి చెప్పులు లోపలికి రావు. పైన చెప్పిన శత్రువులు ఒక్కటీ లేవు కాబట్టే అంతకాలం నిలుస్తుంది. శ్రీసిటీలో ఉన్నటువంటి ఎలక్ట్రానిక్స్ యూనిట్లకు, మండే సాల్వెంట్లు వాడే గదులకు మామూలు ఎపాక్సీ సరిపోదని కూడా చెప్పాలి. అది విద్యుత్తును ప్రవహించనీయదు, స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. రాగి పట్టీలు పరిచి ఎర్తింగ్‌కు కలిపే యాంటీ స్టాటిక్ రకం అక్కడ తప్పనిసరి.

ఇళ్ల సంగతికొస్తే, హాల్లో సముద్రం బొమ్మో పూల బొమ్మో పెట్టి పైన పారదర్శక ఎపాక్సీ పోసే త్రీడీ ఫ్లోరింగ్ కొన్నేళ్లుగా వీడియోల్లో బాగా తిరుగుతోంది. వేసిన రోజు అద్భుతంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపుబారుతుంది. అది దాని రసాయన స్వభావం, బ్రాండ్ మార్చినా పూర్తిగా పోదు. బాల్కనీ తలుపు దగ్గర ఎండ పడినంత మేర ఒక రంగు, సోఫా కింద ఇంకో రంగు తేలుతుంది. పైన ఎండను తట్టుకునే పాలీయూరిథేన్ కోటు వేస్తే ఆ మార్పు నెమ్మదిస్తుంది. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. గడపకు రాసిన పసుపు ఎపాక్సీ మీద పడితే మరక దిగి ఒక పట్టాన వదలదు. దీపారాధన ప్రమిద, కర్పూరం, పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే మచ్చ పడుతుంది. తడిస్తే జారుతుంది కనుక పెద్దవాళ్లున్న ఇంట్లో భయం కూడా. ఇంట్లో నడిచే చోటికి బండలో టైల్సో ఎపాక్సీ కన్నా మేలు. ఎపాక్సీని కారు షెడ్డుకో స్టోర్ రూముకో ఉంచుకోవచ్చు, అదీ పైన సన్నటి క్వార్ట్జ్ చల్లి జారకుండా చేయించుకుంటేనే.

నేలను చూసుకోవడం

రోజూ చేయాల్సింది పొడిగా ఊడ్చి ఇసుక తీసేయడం. తడిగుడ్డ కన్నా ముందు చీపురు పడాలి. ఇసుక ఉండగా తడి మాపు తిప్పితే గరుకు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. వాకిట్లో పెద్ద పట్టా వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది. కడగడానికి ఆమ్లం, క్షారం లేని తేలికపాటి డిటర్జెంట్ చాలు. బాత్రూమ్ యాసిడ్, ఘాటైన బ్లీచింగ్ నీళ్లు పోయకూడదు. సబ్బు నీరు పోశాక మంచినీళ్లతో కడగకపోతే ఎండిన సబ్బు పొర మెరుపును కప్పేస్తుంది. నేల పాడైందనుకునే సందర్భాల్లో కొన్ని ఈ సబ్బు పొర వల్ల వచ్చేవే.

ఏది ఒలికినా వెంటనే తుడవాలి. ఎపాక్సీ రసాయనాలను తట్టుకుంటుందంటే రోజుల తరబడి నానబెట్టవచ్చని కాదు. బ్యాటరీ యాసిడ్, వెనిగర్, నిమ్మరసం, పెరుగు లాంటి పుల్లటివి నిలిచి ఉంటే మచ్చ తేలుతుంది. గోడౌన్లలో ఇనుప చక్రాల ట్రాలీలకు బదులు పాలీయూరిథేన్ చక్రాలు పెట్టుకోవాలి. మేకులు తేలిన చెక్క ప్యాలెట్లను ఈడ్చకూడదు. కారు జాకీ కింద ప్లైవుడ్ ముక్క పెట్టాలి. వెల్డింగ్ చేసే చోట తడి గోనె సంచి పరవాలి. చిన్న గీతో చిన్న పెచ్చో కనబడితే అప్పుడే పూడ్చాలి, వదిలేస్తే దాంట్లోంచి నీరు, నూనె పొర కిందికి దూరి చుట్టూ వదులుచేస్తాయి.

లెక్క ఎలా చూడాలి

ధరలు ఊరిని బట్టి, నేల స్థితిని బట్టి, విస్తీర్ణాన్ని బట్టి మారతాయి. తెలుగు రాష్ట్రాల్లో సుమారుగా చూస్తే పలచటి కోటింగ్‌కు చదరపు అడుగుకు 30 నుంచి 60 రూపాయలు, 2 మి.మీ. సెల్ఫ్ లెవెలింగ్‌కు 70 నుంచి 120, 3 మి.మీ.కి 100 నుంచి 160 వరకు అడుగుతారు. పాలీయూరిథేన్ సిమెంట్ దీనికి పైనే. త్రీడీ, మెటాలిక్ లాంటి అలంకార రకాలు రెండు వందలు దాటుతాయి. జీఎస్టీ 18 శాతం కలిపి చెప్పారా, విడిగానా అన్నది ముందే తేల్చుకోవాలి. గ్రైండింగ్, పగుళ్లు పూడ్చడం, పాత పెయింట్ తీయడం కొందరు కలిపి చెబుతారు, కొందరు పని మొదలయ్యాక అదనం అంటారు. తక్కువ కొటేషన్లలో ముందుగా కోత పడేది గ్రైండింగ్‌కే. ఆ పనిని ఎపాక్సీ కప్పేస్తుంది కనుక చూసేవాళ్లకు తెలియదు.

మందం విషయంలో మోసపోకుండా చిన్న లెక్క ఉంది. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. పొర అంటే సరిగ్గా ఒక లీటరు పదార్థం. వెయ్యి చదరపు అడుగులంటే దాదాపు 93 చదరపు మీటర్లు. 2 మి.మీ. వేయాలంటే 186 లీటర్లు కావాలి. రంగు, నింపుడు పొడులు కలిసిన సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం లీటరుకు సుమారు 1.4, 1.5 కిలోలు తూగుతుంది. అంటే 260 నుంచి 280 కిలోల సరుకు సైటుకు రావాలి, ప్రైమర్ కాకుండా. కింది పొరలో క్వార్ట్జ్ ఇసుక కలిపితే ఆ ఇసుక బరువు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. వెయ్యి అడుగుల పనికి వంద కిలోల డబ్బాలు దిగాయంటే పడేది ఒక మిల్లీమీటరు కూడా కాదు. మిశ్రమం కిలో 200 రూపాయలనుకున్నా 2 మి.మీ.కి సరుకు ఖర్చే అడుగుకు 50 దాటుతుంది. 45 రూపాయలకే 2 మి.మీ. వేస్తామన్న మాటను నమ్మలేమని ఈ లెక్కే చెబుతుంది. డబ్బాలను లెక్కపెట్టి, బ్యాచ్ నంబర్లు ఫొటో తీసి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అడుగు ధర కన్నా ఏడాది ధర చూస్తే నిర్ణయం మారవచ్చు. 4,000 అడుగుల సెల్లార్‌కు 45 రూపాయల కోటింగ్ వేయిస్తే 1,80,000. మూడేళ్లకోసారి మళ్లీ వేయాల్సి వస్తే పన్నెండేళ్లలో నాలుగుసార్లు, ఇప్పటి ధరల్లోనే 7,20,000. అదే 100 రూపాయలతో 2 మి.మీ. వేయించి, నాలుగో ఏట, ఎనిమిదో ఏట పైన సాండింగ్ చేసి అడుగుకు 25 రూపాయలతో టాప్ కోట్ వేయిస్తే మొత్తం 6,00,000. పైగా కార్లన్నీ రోడ్డు మీద పెట్టుకోవాల్సిన సార్లు తగ్గుతాయి. వేశాక మనుషులు నడవడానికి ఒక రోజు, తేలికపాటి వాడకానికి మూడు రోజులు, పూర్తి బలానికి ఏడు రోజులు ఆగాలి. ఫ్యాక్టరీకి ఆ ఆగిన రోజుల నష్టం ఒక్కోసారి ఎపాక్సీ ధరను మించుతుంది.

టాప్ కోట్‌ను మెరుపు పోయినప్పుడే వేయాలి, కాంక్రీటు బయటపడే దాకా ఆగకూడదు. పైపొర బతికుంటే సాండింగ్ చేసి సన్నని కోటుతో సరిపెట్టవచ్చు. అక్కడక్కడా అతుకులు వేస్తే రంగు తేడా కనబడుతుంది, ఎందుకంటే పాతది అప్పటికే కొంత పసుపుబారి ఉంటుంది. కనబడే చోటైతే ఒక గీత నుంచి మరో గీత వరకు మొత్తం గడి వేయించుకోవడం మంచిది. తట్టి చూస్తే నేలలో పెద్ద భాగం డొల్లగా మోగితే ఇక అతుకులతో పని లేదు. మొత్తం గ్రైండ్ చేసి తీయాలి, ఆ తీయడానికే కొత్త కోటింగ్ అంత ఖర్చు కావచ్చు. తీశాక బయటపడ్డ కాంక్రీటు మీద ఆ సాయంత్రమే ప్రైమర్ వేయనివ్వకూడదు. ముందు ప్లాస్టిక్ షీటు పరిచి, టేపు వేసి, మర్నాటి దాకా ఆగాలి.